దారిలో వదిలేసినవాళ్లు

రోడ్డు మీద బతికే కథల గురించి మాట్లాడితే అందరూ ముందు స్వేచ్ఛ అంటారు. నాకు మాత్రం అవి చదువుతున్నంతసేపూ ఒకటే పీకుతుంటుంది: వీడు వెళ్లిపోయాడు సరే, వెనక ఉన్నవాళ్ల సంగతేంటి?

ఈ ప్రశ్న చాలా పాతది. 1554లో స్పెయిన్‌లో రచయిత పేరు లేకుండా 'లాసరిల్యో దె తోర్మెస్' అని ఒక చిన్న పుస్తకం వచ్చింది, ఊరూరా తిరిగే పోకిరీల కథలకు, అంటే పికరెస్క్ నవలకు, మొదలు అదేనంటారు. అందులో ఒక కుర్రాడు గుడ్డి బిచ్చగాడి దగ్గర పనికి ఉంటాడు, ఆ ముసలాయన కడుపునిండా తిండి పెట్టడు, కొట్టడం మాత్రం బాగా కొడతాడు. ఒక వానరోజు వీధిలో నీళ్లు పారుతుంటే, కుర్రాడు ఆయన్ని తీసుకెళ్లి సరిగ్గా ఒక రాతి స్తంభానికి ఎదురుగా నిలబెట్టి, గట్టిగా దూకితే కాలవ దాటేస్తావంటాడు. పాపం ఆయన పొట్టేలులా వెనక్కి ఒక అడుగు వేసి మరీ దూకి, తల పగిలి పడిపోతాడు. కుర్రాడు ఒకటే పరుగు. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో తెలీదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు అని తనే చెప్తాడు.

చదివితే నవ్వొస్తుంది, అక్కడే ఉంది తిరకాసు. ఒకే ఊళ్లో జరిగే కథయితే తెల్లారేసరికి ఆ ముసలాయన తలకి కట్టు కట్టుకుని ఎదురొస్తాడు, నలుగురూ చేరి పంచాయితీ పెడతారు. దారి మీద కథకి ఆ బెడద లేదు, తర్వాతి ఊళ్లో వాడు ఎవరికీ తెలీదు. ఇలా ఎన్నాళ్లు తప్పించుకుంటాడులే అన్నట్టు 1599లో స్పెయిన్ రచయితే మతేయో అలెమాన్, తన నవలలోని పోకిరీ చేత కథంతా ఓడలో తెడ్డు వేసే ఖైదీగా చెప్పించాడు. శిక్ష పడింది, కానీ వాడు మోసం చేసినవాళ్లకి దాంతో ఒరిగిందేమీ లేదు.

వదిలేసిన మనిషిని మళ్లీ అదే దారిలోకి తెచ్చి నిలబెట్టింది సెర్వాంటెస్. 1605 నాటి 'డాన్ కిహోటె' మొదటి భాగంలో, నాలుగో అధ్యాయంలో, ఒక రైతు తన దగ్గర పనిచేసే కుర్రాణ్ని చెట్టుకి కట్టేసి బెల్టుతో బాదుతుంటాడు. మన వీరుడు వచ్చి, కట్లు విప్పించి, బాకీ ఉన్న తొమ్మిది నెలల జీతం ఇస్తానని రైతు చేత మాట తీసుకుని, తనంతటివాడు లేడనుకుంటూ వెళ్లిపోతాడు. ఆయన గుర్రం కనుచూపు దాటగానే రైతు వాణ్ని మళ్లీ కట్టేసి ఇంకా ఎక్కువ కొడతాడు. 31వ అధ్యాయంలో ఆ కుర్రాడే ఎదురై, దెబ్బలు మానడానికి ఆసుపత్రి పాలయ్యానని చెప్పి, ఇంకోసారి నన్ను ముక్కలుగా నరుకుతున్నా సరే నువ్వు మాత్రం కాపాడటానికి రాకు మహాప్రభో అన్నంత పని చేస్తాడు. చెడ్డ పని చేసి పారిపోవడం ఒక రకం, మంచి పని సగంలో వదిలేసి పోవడం ఇంకో రకం. రెండోదాన్ని కూడా బాధ్యతారాహిత్యం కింద లెక్కేసినవాడు సెర్వాంటెస్.

తర్వాత కారు వచ్చింది, పారిపోవడం ఇంకా తేలికైంది. 1939లో స్టైన్‌బెక్ రాసిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్'లో కుటుంబమంతా పొట్ట చేతపట్టుకుని కాలిఫోర్నియా వెళ్తే, అక్కడికి చేరాక అల్లుడు గర్భవతి అయిన భార్యని వదిలేసి చెప్పాపెట్టకుండా వెళ్లిపోతాడు. రచయిత వాడి వెంట పోలేదు, ఆ అమ్మాయి దగ్గరే ఉన్నాడు.

1957లో వచ్చిన జాక్ కెరోవాక్ 'ఆన్ ది రోడ్' దీనికి తలకిందులు. అక్కడ కథ వెళ్లిపోయేవాడి కారులోనే కూర్చుంటుంది. ఒకడు దారి ఖర్చులకి పనికొస్తుందని పెళ్లి చేసుకున్న అమ్మాయిని, ఆమె డబ్బులయిపోగానే ఒక హోటల్లో వదిలేసి మిగతావాళ్లతో వెళ్లిపోతాడు. చివర్లో ఈ ప్రయాణాలన్నిటినీ నడిపించే డీన్, తన ప్రాణస్నేహితుడు, అంటే కథ చెప్పేవాడు, మెక్సికో సిటీలో జ్వరంతో మూలుగుతుంటే వదిలేసి బయల్దేరతాడు. స్నేహితుడు వాణ్ని ఎంత నీచుడో అనుకుంటూనే, ఆ వెంటనే క్షమించేస్తాడు కూడా. నిజానికి మధ్యలో ఒక సీన్‌లో ఆడవాళ్లంతా కూర్చుని డీన్‌ని ముఖం మీదే కడిగేస్తారు, పుస్తకంలో నాకు బాగా నచ్చిన పేజీలు అవే. కానీ అది కాసేపే, మళ్లీ కారు స్టార్టవుతుంది.

మిగతా లెక్క చెప్పింది ఆడవాళ్లే, తమ సొంత పుస్తకాల్లో. కెరోవాక్ ఒకప్పటి ప్రియురాలు జాయిస్ జాన్సన్ 1983లో 'మైనర్ క్యారెక్టర్స్' రాసింది. డీన్ పాత్రకి మూలమైన నీల్ కసాడీ భార్య కరోలిన్ 1990లో రాసిన పుస్తకం పేరే 'ఆఫ్ ది రోడ్'. వీళ్లకంటే ముందే, 1981లో, కెరోవాక్ కూతురు జాన్ 'బేబీ డ్రైవర్' రాసింది. తన కూతురు కాదని ఆయన ఏళ్ల తరబడి బుకాయించిన అమ్మాయి ఆమె. తండ్రిని ఆమె కలిసింది రెండే రెండుసార్లు. రెండోసారి, పదిహేనేళ్లప్పుడు, మెక్సికో వెళ్తున్నానని చెప్పడానికి వెళ్తే, ఆయన వెళ్లి పుస్తకం రాసుకో, నా పేరు వాడుకో అన్నాడట.