ప్రివీ కౌన్సిల్ గురించి నేను తరచూ వినే అపోహలు

నేను క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని. బ్రిటిష్ పాలనలో మన కేసులకు చివరి అప్పీలు కోర్టు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్. కోర్టులో దాని తీర్పు చదివినప్పుడల్లా "ఇంకా ఆ తెల్లదొరల తీర్పులేంటి సార్?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

అపోహ: ఆ కోర్టు ఎప్పుడో మూతపడింది.

వాస్తవం: మనకు మాత్రమే. 1949 అక్టోబర్ 10తో మన అప్పీళ్లు ఆగాయి. బ్రిటన్ అధీనంలోని బెర్ముడా, కేమన్ దీవులు, జిబ్రాల్టర్‌లకే కాదు, స్వతంత్ర దేశాలైన జమైకా, మారిషస్‌లకు కూడా ఇప్పటికీ చివరి అప్పీలు కోర్టు అదే. మారిషస్‌లో తరతరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్ల కేసుకైనా ఆఖరి మెట్టు లండనే.

అపోహ: స్వతంత్ర దేశాలను బ్రిటన్ బలవంతంగా పట్టి ఉంచింది.

వాస్తవం: బయటికి వెళ్లే దారి ఉంది. బార్బడోస్ 2005లో, కరీబియన్ దేశాలు కలిసి పెట్టుకున్న కరీబియన్ కోర్టుకు మారింది. గ్రెనడా, ఆంటిగ్వా ప్రజలు మాత్రం 2018 రెఫరెండంలో ఆ మార్పు వద్దన్నారు. అయితే పేదవాడు లండన్ దాకా వెళ్లి పోరాడటం ఎంత కష్టమో నాకు తెలుసు. సొంత ప్రాంతంలోనే చివరి కోర్టు ఉండాలన్న వాదన నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

అపోహ: అక్కడ ఇంగ్లండ్ చట్టమే నడుస్తుంది.

వాస్తవం: ఏ ప్రాంతం కేసుకు ఆ ప్రాంతం చట్టమే. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ, పాకాల నారాయణస్వామి నిందితుడిగా ఉన్న హత్య కేసు. 1937 మార్చిలో పూరీ స్టేషన్‌లో, రైలు మూడో తరగతి పెట్టెలో ఒక ట్రంకు పెట్టె దొరికింది. అందులో ముక్కలు చేసిన శవం. చనిపోయినవాడు పిఠాపురం దివాన్ దగ్గర పనిచేసిన బంట్రోతు. రావలసిన బాకీ ఇస్తామని ఉత్తరం వచ్చిందని, అందుకే బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పి బయలుదేరాడు. ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందా?

ఇంగ్లండ్ చట్టం ప్రకారమైతే, చావు తప్పదని తెలిసి చెప్పిన మాటే మరణ వాంగ్మూలం. మన సాక్ష్య చట్టంలో ఆ షరతు లేదు. 1939లో ప్రివీ కౌన్సిల్ జడ్జి లార్డ్ అట్కిన్ మన చట్టాన్నే పట్టుకుని, ఆ మాట చెల్లుతుందని తేల్చారు.

అపోహ: ఆ పాత తీర్పులు ఇప్పుడు పనికిరావు.

వాస్తవం: కట్నం వేధింపులతో ప్రాణం పోయిన ఆడపిల్ల, అంతకుముందు అమ్మకు ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పుకున్న మాటలు ఉంటాయి. ఆ మాటలకూ ఆమె చావుకూ సంబంధం ఉందని చూపించగలిగితే, కోర్టు వాటిని సాక్ష్యంగా తీసుకోవాలని అడగడానికి మా వాదన మొదలయ్యేది ఆ 1939 తీర్పుతోనే. కొత్త సాక్ష్య చట్టంలో ఇలాంటి మాటలకు సంబంధించిన సెక్షన్ నంబరు 32 నుంచి 26కు మారింది, అంతే.