కిట్ విమానం కట్టడంలో ఏ పని ముందు, ఏ పని వెనక: అపోహలు - వాస్తవాలు

డల్లాస్ దగ్గర మా గరాజ్‌లో ఒక ఆర్వీ-7 (విడిభాగాల కిట్ కొని మనమే కట్టుకునే రెండు సీట్ల చిన్న విమానం) కట్టి ఎగరేశా, ఇప్పుడు ఇంకో ఫ్రెండ్ కడుతుంటే శని ఆదివారాలు వెళ్ళి బకింగ్ బార్ (రేకుల్ని కలిపే రివెట్ మేకులు కొట్టేటప్పుడు వెనక అదిమి పట్టే ఇనప దిమ్మ) పట్టుకుంటున్నా. కిట్ కొందామనుకునే మనవాళ్ళు ఫోన్ చేస్తే రివెట్ కొట్టడం ఎలా అనే అడుగుతారు, అది కొన్ని వారాల్లో చేతికొచ్చేస్తుందండీ. వరస తప్పితేనే నెలలు పోతాయి, డబ్బులూ పోతాయి, అందుకే కూర్చుని రాస్తున్నా.

అపోహ: మాన్యువల్‌లో పేజీ వెనక పేజీ చేసుకుంటూ పోతే చాలు.

వాస్తవం: మాన్యువల్‌కి తెలిసింది విమానం బాడీ వరకే. మీరు ఏ ఆటోపైలట్ పెడతారో, పిటో ట్యూబ్‌కి (వేగం కొలవడానికి గాలి పట్టే గొట్టం) హీటర్ కావాలో వద్దో, రెక్క చివర లైట్లకి ఎన్ని వైర్లు వెళ్ళాలో దానికేం తెలుసు. నేను ఎడమ రెక్క కింది స్కిన్ (బయటి రేకు) మూసేసి తెగ సంబరపడి ఫోటోలు ఇంటికి పంపించా, తర్వాత మూణ్ణెల్లకి హీటర్ పిటో పెడదామనిపించింది, దాని బ్రాకెట్ ఏమో లోపల స్పార్ (రెక్క పొడుగునా ఉండే ప్రధాన దూలం) పక్కన కూర్చోవాలి, చెయ్యి అక్కడిదాకా దూరదు. ఒక వరస రివెట్లన్నీ డ్రిల్ చేసి తీశా. తల సరిగ్గా మధ్యలో బిట్ పెట్టాలి, కొంచెం పక్కకి జారితే రంధ్రం కోలగా అయిపోతుంది, అప్పుడు తల చిన్నదీ కాడ లావుదీ ఉండే రివెట్ వెయ్యాలి, దాన్ని అందరూ ఊప్స్ రివెట్ అంటారు. మూసేముందు పెట్టుంటే ఒక సాయంత్రం పని, నాకు రెండు వీకెండ్లు పట్టింది. అప్పట్నుంచి ఏ స్కిన్ మూసేముందైనా దానిమీద ఒక కాగితం అంటిస్తున్నా: లోపల ఇంకా ఏం పడాలి, రేపు రిపేరొస్తే చెయ్యి ఎటునుంచి వెళ్తుంది. వైర్లు ఇంకా తేలకపోయినా వాటిని దూర్చే కండ్యూట్ పైపు మాత్రం వేసేయండి. ఈఏఏలో (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళ సంఘం) టెక్నికల్ కౌన్సెలర్లని వాలంటీర్లుంటారు, పైసా తీసుకోకుండా వచ్చి చూసి చెప్తారు, వాళ్ళని కూడా మూసేముందే పిలవాలి, మూశాక వచ్చి ఏం చూస్తారు పాపం.

అపోహ: గరాజ్‌లో పనే కదా, ఏ సీజనైనా ఒకటే.

వాస్తవం: కాదండీ. కెనోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) అక్రిలిక్‌ది, చలిలో కోస్తే పగుళ్ళొస్తాయి, అంత ఖరీదైన ముక్క ఒక్క క్షణంలో పోతుంది, కాబట్టి దాన్ని ఎండాకాలానికి పెట్టుకోండి. ఫ్యూయెల్ ట్యాంకుల సీలెంట్‌ది రివర్స్, ఎండలో త్వరగా బిగుసుకుంటుంది, రివెట్లు పూర్తయ్యేలోపే చేతికి జిగురు తీగలు సాగడం మొదలవుతుంది. ట్యాంక్ అయ్యాక గాలి నింపి బెలూన్ కట్టి, సబ్బు నీళ్ళు పూసి లీక్ చూస్తాం కదా, పొద్దున బెలూన్ కుంగిపోయి మధ్యాహ్నానికి మళ్ళీ ఉబ్బితే కంగారుపడకండి, అది గాలి వేడెక్కి చల్లారడం. బుడగలొస్తేనే లీకు. ఇప్పుడు వదిలేస్తే రేపు పెయింట్ మీద రివెట్ల చుట్టూ పెట్రోల్ నీలం మరకలు కనపడతాయి, 100ఎల్‌ఎల్ అనే విమాన పెట్రోల్‌కి నీలం రంగు కలుపుతారు మరి.

అపోహ: "అన్నా, ఇంజన్ మంచి రేటుకొస్తోంది, ముందే కొని పెట్టేస్తా."

వాస్తవం: వద్దు తమ్ముడూ. ఈ విమానాలకి ఎక్కువగా వాడే లైకమింగ్ ఇంజన్లో కామ్ షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) పైన ఉంటుంది, తిప్పకుండా ఉంచితే ఆయిల్ కిందికి జారిపోయి అది తుప్పు పడుతుంది. తేమ పీల్చే సిలికా ప్లగ్గులు మారుస్తూ ఏళ్ళ తరబడి కాపలా కాయాలి. డెలివరీకి చాలా టైం పడుతుంది కాబట్టి ఆర్డర్ ముందే ఇవ్వండి, కానీ బాడీ చివరికొచ్చే టైంకి చేతికందేలా చూసుకోండి. స్క్రీన్లూ రేడియోలూ కూడా అంతే, వైర్ల దారి ముందే తేల్చుకోవాలి, బాక్సులు ఆఖర్న కొనాలి, లేకపోతే ఎగరకముందే పాతవైపోతాయి, వారంటీ కూడా షెల్ఫ్ మీదే కరిగిపోతుంది. ప్యానెల్ ముందు వైపు పై స్కిన్ చాలామంది వైరింగంతా అయ్యేదాకా రివెట్ చెయ్యరు, నాకూ అదే నచ్చింది.

అపోహ: తోక కిట్ చిన్నదే, గబగబా లాగించెయ్యొచ్చు.

వాస్తవం: తోక ముందు చెయ్యడం కరెక్టే, మిగతా వాటికంటే తక్కువ డబ్బు, నేర్చుకునేది అక్కడే. కానీ కుడీ ఎడమా ఒకేలా ఉండే ముక్కల్ని ఒకేసారి డింపుల్ (రివెట్ తల కూర్చునేలా రంధ్రం చుట్టూ గుంట నొక్కడం) చేస్తే రెండూ ఎడమవే అయిపోతాయి, చాలామందికి జరుగుతుంది. జతలో రెండూ అద్దంలో బొమ్మల్లా బల్లమీద ఎదురెదురు పెట్టుకుని, బయటి వైపు మార్కర్‌తో గీత గీసి అప్పుడు మొదలెట్టండి.

అపోహ: రెక్కలు తగిలిస్తే అయిపోయినట్టే, ఇక పెయింట్ వేసుకోవడమే.

వాస్తవం: ఆర్వీ-7 రెక్కలు తగిలిస్తే కొసనుంచి కొసకి 25 అడుగులు, మా గరాజ్‌లో పట్టదు. ఎయిర్‌పోర్ట్ హ్యాంగర్‌లోనే తగిలించా. ఆ తర్వాత కంట్రోళ్ళ సెట్టింగు, బరువు తూచడం, ఇన్‌స్పెక్షన్, అవన్నీ ఉంటాయి. పెయింట్ మాత్రం టెస్ట్ ఫ్లైయింగ్ అయ్యాకే మేలని నా మాట, ఇంజన్ ప్రొపెల్లర్ కాంబినేషన్‌ని బట్టి అది మామూలుగా 25 లేదా 40 గంటలు, లీకులూ సర్దుబాట్లూ అప్పుడే బయటపడతాయి. పెయింట్ వేశాక ఎలివేటర్ (విమానం ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) బ్యాలెన్స్ మళ్ళీ చూడాలి, రంగు బరువు కూడా బరువే.

అపోహ: కాగితాలు చివర్లో చూసుకోవచ్చు.

వాస్తవం: విమానంలో ఎక్కువ భాగం మీరే కట్టారని ఎఫ్‌ఏఏకి (అమెరికా విమానయాన సంస్థ) చూపించాలి, 51 శాతం రూల్ అంటాం. మొదటి రిబ్ (రెక్క, తోకల లోపలి అడ్డ పలక) నుంచే రోజూ ఫోటో, కింద ఒక లైను రాసుకోండి. ఫోటోలో మీ చేతులు కనపడాలి.