ముందు చెట్టు, వెనుక చెట్టు: కిడ్నీలోకి సూది దారి

"నాన్నగారి కిడ్నీలో పెద్ద రాయి ఉంది. వీపులోంచి రంధ్రం చేసి తీయాలంటున్నారు. ఆ డాక్టరుగారు ఈ పని మొదట ఎవరి మీద నేర్చుకుని ఉంటారు?" అని అమలాపురం నుంచి ఒక పాఠకురాలు అడిగారు. చాలామందికి మనసులో ఉండి, ఆసుపత్రిలో నోరు దాటని ప్రశ్న ఇది. చాలాకాలం పాటు దీనికి ఒక్కటే జవాబు: రోగి మీదే, అనుభవమున్న గురువు పక్కన ఉండగా. ఇప్పుడు ఆ జవాబు మారుతోంది: మొదట సిమ్యులేటర్ మీద, అంటే అసలు శస్త్రచికిత్సను అనుకరించే యంత్రం మీద.

రాళ్ళు ఎందుకు ఏర్పడతాయన్న విషయం జోలికి వెళ్ళను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. కోనసీమలో ఇంటింటా నమ్మే అరటి దవ్వ రసంతో రెండు సెంటీమీటర్ల క్యాల్షియం ఆక్సలేట్ రాయి కరగదు. ఆ నమ్మకంతో నెలలు గడిపితే కిడ్నీ దెబ్బతింటుంది.

అంత పెద్ద రాయికి సాధారణంగా ఎంచుకునే శస్త్రచికిత్స పీసీఎన్ఎల్ (పర్‌క్యుటేనియస్ నెఫ్రోలిథాటమీ), అంటే చర్మంలోంచి దారి చేసి కిడ్నీ రాయిని తీయడం. స్వీడన్‌కు చెందిన ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ 1976లో దీన్ని ప్రకటించారు. వీపు వైపు నుంచి కిడ్నీలోకి సన్నని సూది గుచ్చుతారు. ఆ దారిని సుమారు సెంటీమీటరు వరకు వెడల్పు చేసి, గొట్టం దింపి, రాయిని పగలగొట్టి ముక్కలు తీస్తారు. ఇందులో అన్నిటికంటే కష్టం ఆ మొదటి సూది. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు, అంటే నిమిషానికి లీటరుకు పైగా, కిడ్నీలకే వెళుతుంది. మూత్రం వచ్చి చేరే కేలిక్స్ అనే చిన్న గిన్నె కొసన, సరిగ్గా నడిమధ్యలో సూది దిగితే పెద్ద రక్తనాళాలు తప్పుతాయి. గిన్నె మెడలో దిగితే పక్కనే ఉన్న ధమని తెగవచ్చు.

పైగా ఆ గిన్నె కంటికి కనబడదు. మూత్రనాళంలోంచి రంగుమందు ఎక్కించి, సి-ఆర్మ్ అనే ఎక్స్-రే యంత్రంతో దాని నీడను తెర మీద చూస్తారు. నీడలో ఎడమ, కుడి తెలుస్తాయి కానీ లోతు తెలియదు.

కాలువ గట్టు వెంట వెళ్ళే బస్సు కిటికీలోంచి కొబ్బరితోటను చూడండి. ఒక్క క్షణం ముందు చెట్టు, వెనుక చెట్టు ఒకే గీత మీదికి వచ్చి, వెనుకది పూర్తిగా దాగిపోతుంది. రెండూ ఏ దిక్కున ఉన్నాయో ఆ క్షణంలో కచ్చితంగా తెలుస్తుంది. వాటి మధ్య రెండు గజాలుందో, రెండు వందల గజాలుందో తెలియదు. సర్జన్ మొదట చేసేది ఇదే. సి-ఆర్మ్‌ను సుమారు 30 డిగ్రీలు వాల్చి, సూది మొదలు, మొన, గిన్నె మూడూ తెర మీద ఒకే చుక్కగా కనిపించేలా పట్టుకుంటాడు. దిక్కు కుదిరింది. ఇక లోతు తెలియాలి. బస్సు ముందుకు కదలగానే దగ్గరి చెట్టు త్వరగా వెనక్కి జరుగుతుంది, దూరపుది నెమ్మదిగా జరుగుతుంది. రెండూ విడిపోయాయంటే వాటి మధ్య దూరం ఉన్నట్టే. సి-ఆర్మ్‌ను నిటారుగా తిప్పడమంటే బస్సు కదలడమే. తిప్పినప్పుడు సూది మొన, గిన్నె విడిపోతే సూది ఇంకా చేరలేదు, లేదా దాటిపోయింది. ఏ కోణంలో చూసినా కలిసే ఉంటే మొన గిన్నెలో ఉంది. రోగి ఊపిరి తీసిన ప్రతిసారీ కిడ్నీ పైకీ కిందికీ జరుగుతుంది. అంటే బస్సే కాదు, తోట కూడా కదులుతోంది!

ఈ చూపు పుస్తకం చదివితే రాదు. పదే పదే తిప్పి చూస్తేనే వస్తుంది. నిజమైన ఎక్స్-రేతో అన్నిసార్లు చూస్తే రోగికీ, సర్జన్‌కూ రేడియేషన్ తగులుతుంది. సిమ్యులేటర్ విలువ ఇక్కడే ఉంది. వీపు ఆకారంలో ఉన్న బొమ్మలోకి నిజమైన సూదే గుచ్చుతారు. తెర మీది ఎక్స్-రే చిత్రాన్ని కంప్యూటర్ సృష్టిస్తుంది. ఊపిరికి కిడ్నీ జరగడం కూడా అందులో ఉంటుంది. ఎన్నిసార్లు గుచ్చారు, పక్కటెముకకు ఎన్నిసార్లు తగిలింది, ఏ రక్తనాళం చిల్లు పడింది, ఎక్స్-రే పెడల్ ఎంతసేపు తొక్కారు అన్నీ లెక్కకట్టి చూపిస్తుంది.

ఇదంతా పాశ్చాత్యుల కొత్త ఆలోచన అనుకోనక్కరలేదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదో అధ్యాయం పూర్తిగా అభ్యాసం గురించే. కోతకు గుమ్మడి, సొర, దోసకాయలు; గుచ్చడానికి చచ్చిన జంతువుల సిరలు, కలువ తూళ్ళు; లోపలున్నదాన్ని బయటికి తీయడానికి పనస, మారేడు పండ్ల గుజ్జు. ఎన్ని శాస్త్రాలు చదివినా అభ్యాసం లేనివాడు పనికి తగడని సుశ్రుతుడు కచ్చితంగా చెప్పాడు. మూత్రాశయంలోని రాయిని కోసి తీసే పద్ధతిని వివరించినదీ ఆ సంహితే.

మనవాళ్ళు మాత్రం "ఆయన హస్తవాసి మంచిది" అంటారు, అదేదో పుట్టుకతో వచ్చే వరమన్నట్టు. 2002లో ప్రచురితమైన ఒక పరీక్షలో పదహారుమంది సర్జరీ విద్యార్థులను రెండు జట్లు చేశారు. సిమ్యులేటర్ మీద నిర్ణీత స్థాయి అందుకున్న జట్టు, నిజమైన రోగులలో కాలేయం నుంచి పిత్తాశయాన్ని 29 శాతం వేగంగా విడదీసింది. సిమ్యులేటర్ శిక్షణ లేని రెండో జట్టు పిత్తాశయాన్ని గాయపరచడమో, కాల్చకూడని చోట కాల్చడమో జరిగే అవకాశం ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇక్కడ నిర్ణీత స్థాయి అన్న మాటను మన వైద్య కళాశాలలు పట్టించుకోవాలి. ఇన్ని గంటలు కూర్చున్నారని హాజరు వేయడం శిక్షణ కాదు. తప్పును అక్కడికక్కడే చూపించే గురువు లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా చెడ్డ అలవాటునే గట్టిపరుస్తుంది.

అయితే కంప్యూటర్ బొమ్మకు కిడ్నీ మెత్తదనం అంత బాగా రాదు. దానికి పాలీవినైల్ ఆల్కహాల్ జెల్ వాడుతున్నారు. దీన్ని గడ్డకట్టించి, కరిగించి, మళ్ళీ గడ్డకట్టించిన కొద్దీ అందులోని అణుగొలుసులు ఒకదానికొకటి ముడిపడి జెల్ బిగుస్తుంది. ఎన్నిసార్లు గడ్డకట్టించాలో మార్చి, కిడ్నీ బిగువుకు దగ్గరగా తేవచ్చు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రోగి సీటీ స్కాన్ ఆధారంగా త్రీడీ ముద్రణతో అచ్చులు చేసి, వాటిలో ఈ జెల్ పోసి, అదే రోగి కిడ్నీకి నమూనా తయారుచేశారు. దాని రక్తనాళాల్లో ఎర్రని ద్రవం ప్రవహిస్తుంది, తప్పు చోట గుచ్చితే బయటికి చిమ్ముతుంది. సర్జన్ ముందుగా దాని మీద శస్త్రచికిత్స మొత్తం చేసి చూసుకుని, ఆ తర్వాతే రోగి దగ్గరికి వెళతాడు.