పని గంటల గొడవ వెనక జంషెడ్‌పూర్

యువత వారానికి 70 గంటలు పని చేయాలని 2023 అక్టోబరులో నారాయణమూర్తి అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటల దాకా వెళ్లారు, ఆదివారాలనూ వదల్లేదు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ రోజువారీ పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో 10 గంటలకు అనుమతిస్తూ జీవో ఇచ్చింది, వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ కట్టాలంది. ఈ చర్చలో 'కంపెనీ కల్చర్' అన్న మాట తెగ వినిపిస్తోంది. ఫ్రీ లంచ్, టేబుల్ టెన్నిస్, గోడ మీద నినాదాలు, వీటితో అది వచ్చేస్తుందనుకునే యజమానులు చాలామందే ఉన్నారు. మన దేశంలో ఇది నిజంగా ఎలా తయారైందో తెలియాలంటే టాటాల చరిత్ర చూడాలి. కంపెనీ వాళ్లు చెప్పుకునే భాగంతో పాటు, అంతగా చెప్పుకోని భాగం కూడా.

జంషెట్‌జీ టాటా నాగ్‌పూర్‌లో ఎంప్రెస్ మిల్లును 1877 జనవరి 1న ప్రారంభించాడు. కూలీలు వచ్చినరోజు వస్తారు, రానిరోజు రారు. జరిమానాలు వేస్తే అసలే మానేస్తారు. దాంతో ఆయన వేరే దారి పట్టాడు. మిల్లులో గాలి ఆడే ఏర్పాట్లు, బాగా పనిచేసినవాళ్లకు బహుమతులు, 1886లో పింఛను నిధి, తర్వాత ప్రమాద పరిహారం. ఇదంతా దయ అనుకుంటే పొరపాటు. పత్తి ఉంది, యంత్రాలున్నాయి, మనుషులు నిలవడం లేదు. ఆ లెక్క ఆయనకు బాగా తెలుసు.

ఉక్కు కర్మాగారం దగ్గరికొచ్చేసరికి అవసరం ఇంకా పెద్దది. తర్వాత జంషెడ్‌పూర్‌గా మారిన సాక్చి అప్పటికి అడవి. అక్కడికి మనుషుల్ని రప్పించాలి, కుటుంబాలతో ఉంచాలి. రోడ్లు వెడల్పుగా ఉండాలి, నీడనిచ్చే చెట్లు నాటాలి, ఆటస్థలాలకు, గుళ్లకు, మసీదులకు, చర్చిలకు చోటు వదలాలి అని 1902లోనే జంషెట్‌జీ కొడుకు దొరాబ్‌కు ఉత్తరం రాశాడు. 1904లో చనిపోయాడు కాబట్టి ఆ ఊరు ఆయన చూడలేదు. 1912లో ఉక్కు తయారీ మొదలైన ఏడాదే అక్కడ 8 గంటల పని అమల్లోకి వచ్చింది. అప్పటికి 1911 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్లకు 12 గంటల పరిమితి పెట్టింది. ఉక్కులాంటి మిగతా పరిశ్రమల్లో మగవాళ్లకు ఆ హద్దు కూడా లేదు. ఫ్యాక్టరీల్లో రోజుకు 9 గంటలు, వారానికి 48 అనేది దేశమంతా చట్టం కావడానికి 1940లు రావాలి. వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ దానికి పునాది వేశారు.

1915లో ఉచిత వైద్యం, 1917లో సంక్షేమ విభాగం, 1920లో జీతంతో సెలవులు, ప్రావిడెంట్ ఫండ్. కంపెనీ చరిత్రల్లో ఈ జాబితా ఎప్పుడూ కనిపిస్తుంది. కానీ ఆ 1920లోనే జీతాల కోసం పెద్ద సమ్మె జరిగింది, కాల్పుల్లో మనుషులు పోయారు. 1922లో మరో సమ్మె. ఇళ్లూ ఆసుపత్రీ ఇచ్చిన యాజమాన్యం యూనియన్‌ను మాత్రం ఒప్పుకోలేదు. 1925లో గాంధీ జంషెడ్‌పూర్ వచ్చాకే లేబర్ అసోసియేషన్‌కు గుర్తింపు దక్కింది. 1928లో మనుషుల్ని తగ్గించే ప్రయత్నంతో మళ్లీ గొడవ, నెలల తరబడి సమ్మె, లాకౌట్. సుభాష్ చంద్ర బోస్ మధ్యలోకి దిగితే సెప్టెంబరులో రాజీ కుదిరింది.

నా దృష్టిలో అసలు పాఠం ఇక్కడే ఉంది. 1912లో ఇచ్చింది యజమాని ఇష్టంతో ఇచ్చింది. 1925 తర్వాత వచ్చింది కూర్చుని మాట్లాడుకున్నది. మొదటిదాంట్లో కార్మికుడు పుచ్చుకునేవాడు, రెండోదాంట్లో అడిగే హక్కున్నవాడు. 1956లో యూనియన్‌తో ఒప్పందం రాసుకుని, కర్మాగారం విషయాలు చర్చించడానికి ఉమ్మడి మండళ్లు పెట్టారు. అయినా రెండేళ్లకే, 1958లో, ఇంకో సమ్మె. సంతకం అయిన రోజే నమ్మకం రాదు మరి.

శ్రీకాకుళం వైపు నుంచి ఆ ఊరికి బతుకుతెరువుకు వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరం ఇప్పటికీ ఉంది. తాత, తండ్రి, కొడుకు ఒకే కంపెనీలో చేయడం అక్కడ మామూలు సంగతి. 1990ల తర్వాత ఆ మామూలే సమస్య అయింది. పోటీ పెరిగింది, టాటా స్టీల్ తన సిబ్బందిని దశాబ్దంలో దాదాపు సగానికి తగ్గించింది. ముందుగా వైదొలగినవాళ్లకు రిటైర్మెంట్ వయసు దాకా నెలనెలా డబ్బు కట్టే పథకం పెట్టింది. అంతమందిని తగ్గించినా 1928 నాటి గొడవ మళ్లీ రాలేదంటే యూనియన్‌తో దశాబ్దాలుగా సాగిన మాటామంతీకి అందులో పెద్ద వాటా ఉంది. పదిహేనుమందితో నడిచే ఆఫీసు అంత డబ్బు పెట్టలేదు. ఓవర్‌టైమ్ రిజిస్టర్ నిజాయితీగా రాయడానికి మాత్రం పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. కొత్త 10 గంటల నిబంధన ఎవరికి లాభమన్నది చాలావరకు ఆ రిజిస్టర్ మీదే ఆధారపడుతుంది.