గృహహింస బాధితుల చదువు, ఉపాధి: చట్టానికి ముందు, తర్వాత

భర్త కొట్టే ఇంటిని వదిలి వచ్చిన స్త్రీకి తలదాచుకునే చోటు, మనోవర్తి, కోర్టు ఉత్తర్వు కావాలని గృహహింస చట్టం 2005లో గుర్తించింది. ఆమెకు చదువూ సంపాదనా కావాలన్న ఆలోచన మాత్రం తెలుగువారిలో అంతకు చాలా ముందే పుట్టింది. బాల్యంలో జరిగిన పెళ్లిని యుక్తవయసులో కాదనుకున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, తెలుగు ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారుచేశారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు కూడా ఆమే. ఆ మండలి 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. బడి మానేసిన స్త్రీలు రెండేళ్లలో పరీక్ష రాసి ఉపాధ్యాయినులుగానో, నర్సులుగానో స్థిరపడాలన్నది వాటి ఉద్దేశం. కూలిపోయిన బతుకును నిలబెట్టుకోవడానికి ఎంత కాలం పడుతుందో ఆ రెండేళ్ల గడువు పెట్టినవారికి తెలుసు.

చదువుకూ ఇంటి హింసకూ ఉన్న సంబంధాన్ని నెల్లూరు జిల్లా మరో రూపంలో చూపింది. 1990ల తొలినాళ్లలో రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న దూబగుంట స్త్రీలు, తాగొచ్చి కొట్టే భర్తల గురించీ సారాకు పోతున్న కూలి డబ్బుల గురించీ అక్కడే నోరు విప్పి, ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. అదే జిల్లాలో తర్వాత పొదుపులక్ష్మి సంఘాలు వచ్చాయి. చదువు, హింసపై తిరుగుబాటు, చేతిలో సొంత డబ్బు అక్కడ ఒకదాని వెంట ఒకటి నడిచాయి.

2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం ఆర్థిక హింసను కూడా హింసగానే నిర్వచించింది. ఉద్యోగానికి వెళ్లనీయకపోవడం, చదువు మాన్పించడం వంటివి దాని నియమావళిలోని ఫిర్యాదు పత్రంలోనే ఉన్నాయి. అయితే ఆగిపోయిన చదువును మళ్లీ మొదలుపెట్టించే బాధ్యతను ఆ చట్టం ఎవరికీ అప్పగించలేదు. నా దృష్టిలో అసలు లోటు ఇదే.

ఆ లోటు ఆశ్రయ గృహాల నిబంధనల్లో స్పష్టంగా కనిపిస్తుంది. హింస బాధితులకు తక్షణ సాయం అందించేందుకు 2015 నుంచి నడుస్తున్న సఖి కేంద్రాల్లో ఉండనిచ్చేది సాధారణంగా అయిదు రోజులు. 2022లో శక్తి సదన్ పథకంలో కలిసిపోయేదాకా నడిచిన స్వాధార్ గృహ్ అనే ఆశ్రయ పథకం మార్గదర్శకాలు ఇతర నిరాశ్రయ స్త్రీలకు మూడేళ్ల వరకు ఆశ్రయం అనుమతించి, గృహహింస బాధితులకు మాత్రం ఏడాది గడువే పెట్టాయి. గొడవ సద్దుమణిగాక ఆమె అత్తింటికో పుట్టింటికో వెళ్లిపోతుందన్న అంచనా ఆ తేడాలో దాగి ఉందని అనిపిస్తుంది. ఇంటర్మీడియట్‌కు రెండేళ్లు కావాలి, నర్సింగుకు అంతకన్నా ఎక్కువ. ఏడాది గడువున్న ఆ గూటిలో కుట్టు శిక్షణకు మించి ఏం ఇమడగలిగేది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో భర్త హింసను ఎదుర్కొన్నవారు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఇంతమందికి ఉద్యోగ ద్వారం దగ్గర మరో అడ్డంకి ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి కొలువుల్లో 35 ఏళ్ల దాకా వయోపరిమితి సడలింపు వితంతువులకు, విడాకులు పొందినవారికి, కోర్టు ద్వారా విడిగా ఉంటూ మళ్లీ పెళ్లి చేసుకోనివారికి మాత్రమే వర్తిస్తుంది. హింస భరించలేక బయటికొచ్చి, విడాకుల కేసు ఏళ్ల తరబడి నలుగుతున్న స్త్రీ ఈ జాబితాలో లేదు. తీర్పు వచ్చేసరికి ఆ 35 ఏళ్లూ దాటిపోవచ్చు.