కుళాయి ఆగితే ట్యాంకు ఖాళీ అయినట్టేనా? క్యాంపర్ మంచినీటి వ్యవస్థ: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో టెంపో ట్రావెలర్లను, పాత మినీ బస్సులను క్యాంపర్లుగా, అంటే పడుకుని, వండుకుని ప్రయాణించే వాహనాలుగా మార్చే షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గరికి వచ్చేవారు పడకల గురించి, సోలార్ పలకల గురించి గంటల తరబడి అడుగుతారు గానీ, మంచినీళ్ల మాట వచ్చేసరికి ‘ఒక ట్యాంకు, ఒక పంపు, ఒక కుళాయి, అంతే కదా’ అని దాటేస్తారు. తీరా ఏడాది తిరగకుండా ఆ వాహనం మళ్లీ నా గుమ్మం ముందుకు వచ్చిందంటే, చాలాసార్లు అది నీళ్ల వాసన వల్లే.

అపోహ: కుళాయిలో నీళ్లు ఆగిపోతే ట్యాంకు ఖాళీ అయినట్టే.

కుళాయి ఆగిపోయిందంటే పంపు గాలి పీల్చడం మొదలుపెట్టిందని మాత్రమే అర్థం. పంపుకు నీళ్లు తీసుకునే గొట్టాన్ని, అడుగున పేరుకునే మట్టిని లాగకుండా, సాధారణంగా ట్యాంకు అడుగుకు కాస్త పైన బిగిస్తారు. 75 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ట్యాంకులో 100 లీటర్లు పడతాయి. అందులో ఒక్క అంగుళం ఎత్తున నీళ్లు మిగిలినా అవి 8 లీటర్ల పైమాటే. వేసవిలో రెండు నెలలు ఎండలో నిలిపిన ఒక వాహనం యజమాని, నీళ్లన్నీ తీసేశానని నాతో గట్టిగా వాదించాడు. మూత విప్పి చేయి పెట్టి చూస్తే అడుగంతా బురదమట్ట చేపను పట్టుకున్నట్టు జారింది. పంపు ముందుండే జాలీ గిన్నెలో గోధుమరంగు జిగురు గడ్డకట్టి ఉన్నది.

దీనికి మందు ట్యాంకు అత్యంత కింది మూలలో వేరుగా ఒక డ్రెయిన్ (నీళ్లు పూర్తిగా బయటికి వదిలే దారి) పెట్టడమే. హోల్ సాతో (గుండ్రటి రంధ్రం కోసే రంపంతో) రంధ్రం వేసి, రెండు వైపులా రబ్బరు వాషర్లతో ట్యాంక్ నిపుల్ (మరలున్న పొట్టి గొట్టం) బిగించి, దానికి ముప్పావు అంగుళం బాల్ వాల్వు (పిడి తిప్పితే తెరుచుకునేది) తగిలించాలి. రంధ్రం వేసినప్పుడు లోపల పడే ప్లాస్టిక్ పొట్టును ఏరకుండా వదిలేస్తే అది నేరుగా జాలీలోకి చేరుతుంది. ట్యాంకును కూడా ఆ మూల వైపు కొద్దిగా వాలుగా కూర్చోబెట్టాలి. లేకపోతే ఎంత మంచి వాల్వు పెట్టినా కొన్ని లీటర్లు వెనకే ఉండిపోతాయి. మొదట్లో నేను ఈ వాల్వును ఛాసిస్ కింద వేలాడేటట్టు పెట్టేవాడిని. చందంపేట వైపు మట్టిదారిలో ఒక రాయి ఎగిరి పిడికి తగలడంతో వాల్వు తెరుచుకుని, గమ్యం చేరేసరికి ట్యాంకులో చుక్క మిగల్లేదు. అప్పటినుంచి వాల్వును ఛాసిస్ పట్టీల మధ్యలోకి జరిపి, పిడిని వెనక వైపు తిప్పి, ముందు ఒక ఇనుప రేకు అడ్డం పెడుతున్నాను.

అపోహ: డ్రెయిన్ వాల్వు తెరిస్తే చాలు, మిగతాదంతా దానంతటదే కారిపోతుంది.

సన్నమూతి సీసాను బోర్లిస్తే నీళ్లు గడగడమని ఆగి ఆగి పడతాయి, ఎందుకంటే లోపలికి గాలి పోవాలి. ట్యాంకు సంగతీ అంతే. గాలి గొట్టం సన్నగా ఉన్నా, చీమలు గూడు పెట్టి మూసేసినా తీసేటప్పుడు నీళ్లు ఆగి ఆగి పడతాయి, నింపేటప్పుడు వెనక్కి ఎగదన్నుతాయి. అందుకే గాలి గొట్టాన్ని కనీసం అర అంగుళానికి మార్చి, కొసకు సన్నని జాలీ తొడగమంటాను. ఇక గొట్టాల్లోని నీళ్లు వేరు, హీటరులోని నీళ్లు వేరు. పంపులో వెనక్కి రానివ్వని వాల్వు ఉంటుంది కాబట్టి దాని అవతలి నీళ్లు ట్యాంకు డ్రెయిన్ గుండా రావు. ముందు హీటరు కరెంటు ఆపి చల్లారనివ్వాలి. పంపు ఆపి చల్లనీళ్ల, వేడినీళ్ల కుళాయిలు, షవరు అన్నీ తెరిచి ఉంచాలి. తర్వాత ట్యాంకు డ్రెయిను, హీటరు డ్రెయిను తెరవాలి. చివర్లో పంపును కొద్ది సెకన్లు తిప్పి దాని కడుపులోని నీళ్లు బయటికి తోయాలి. ఖాళీ హీటరుకు మరచిపోయి కరెంటు ఇస్తే లోపలి కాయిల్ కాలిపోతుంది. అందుకే నేను స్విచ్చు మీద టేపు అంటించి మరీ వాహనం అప్పగిస్తాను.

అపోహ: నీళ్లు తీసేయడం మంచు పడే దేశాల గొడవ, పాలమూరు ఎండల్లో దానితో పనేమిటి?

గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం వ్యాకోచించి గొట్టాలను, పంపును పగలగొడుతుంది కాబట్టి అక్కడివాళ్లు చలికాలానికి ముందే నీళ్లు తీసేస్తారు. శీతాకాలంలో లదాఖ్ వెళ్లే మనవాళ్లకూ అదే వర్తిస్తుంది. ఇక్కడి కారణం దానికి నేరుగా వ్యతిరేకం: మే నెల ఎండలో నిలిపిన వాహనంలో నిలవనీరు సూక్ష్మజీవులు పెరగడానికి కావలసినంత గోరువెచ్చగా ఉంటుంది, క్లోరిన్ కూడా త్వరగా ఎగిరిపోతుంది. వాహనాన్ని వారానికి మించి నిలిపితే నీళ్లు తీసి, వాల్వును తెరిచే ఉంచి ఆరనివ్వడం మేలు.

అపోహ: బ్లీచింగ్ వేస్తే ఏ నీళ్లయినా మంచినీళ్లే.

క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది, అంతకు మించి ఆశించకూడదు. ట్యాంకును కడగడానికి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం (ద్రవ బ్లీచ్) 100 మిల్లీలీటర్లు 100 లీటర్ల నీటిలో కలిపితే లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. వాసన వచ్చేవరకు ప్రతి కుళాయినీ తిప్పి, కొన్ని గంటలు ఉంచి, పూర్తిగా తీసేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. ఇది కడగడానికే, తాగడానికి కాదు. ఫిల్టర్లను ముందే విప్పి పక్కన పెట్టాలి. హీటరులో పేరుకున్న సున్నపు పొరను వదిలించే వెనిగర్‌నో, నిమ్మ ఉప్పునో ఈ క్లోరిన్ నీళ్లతో కలిపితే విషవాయువు పుడుతుంది కాబట్టి ఆ రెండు పనులూ వేర్వేరు రోజుల్లో చేయాలి.

ఫ్లోరైడ్ విషయం వేరు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం చెబుతున్నది, మన జిల్లా బోర్లలో అంతకు మించిన ఊళ్లు ఎన్నో. క్లోరిన్ దాన్ని తాకదు. మరగబెడితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే ‘నల్లగొండ టెక్నిక్’ను ట్యాంకులోనే చేసుకుంటే పోదా అని అడిగేవారున్నారు. నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఆ పద్ధతి మన ఊరి పేరుతోనే ప్రసిద్ధమైనా, అందులో ముద్ద కట్టిన మడ్డి కదలకుండా అడుగుకు దిగితేనే పైనీరు పనికొస్తుంది. గుంతల రోడ్డు మీద పోయే ట్యాంకులో అది ఎక్కడ దిగుతుంది? ఆ మడ్డి జాలీని మూసేయడమే మిగులుతుంది. ఫ్లోరైడ్‌ను తగ్గించే ఆర్ఓ ఫిల్టరు కావాలంటే కుళాయి దగ్గర పెట్టుకోవచ్చు గానీ, అది వదిలేసే నీటికి కూడా చోటు, లెక్క చూసుకోవాలి.

అపోహ: గొట్టం ఏదైనా ఒకటే.

తోటకు వాడే గొట్టం వేడికి వాసన దిగి నీళ్లను పాడుచేస్తుంది, పారదర్శకమైన దానిలో వెలుతురు పడి పాకురు పడుతుంది. సీపీవీసీ ఇంటి గోడలో బాగుంటుంది గానీ, అతుకులు బిగుసుకుని ఉండటం వల్ల వాహనం అదురుకు పగులుతుంది. తాగునీటికి పనికొచ్చే, వంగే గుణమున్న పెక్స్ (ఒక రకం పాలిథీన్) గొట్టాలే నా ఎంపిక.

చివరిగా, 100 లీటర్ల ట్యాంకు తీసి 200 పెట్టమనేవారికి నేను చెప్పేది ఒకటే: లీటరు నీళ్లు కిలో బరువు, మధ్యలో అడ్డగోడలు లేని ట్యాంకులో సగం నిండిన నీళ్లు మన్ననూరు దాటిన తర్వాత నల్లమల ఘాటు మలుపుల్లో వాహనాన్ని అటూ ఇటూ లాగుతాయి. ఉన్న ట్యాంకును పూర్తిగా ఖాళీ అయ్యేటట్టు మార్చుకుని, తాగడానికి విడిగా 20 లీటర్ల క్యాను పెట్టుకుంటే ఆ డబ్బు కూడా మిగులుతుంది.