చెంబు, గ్లాసు, పిండి ముద్ద

ఏడాదిన్నర వయసులో మా పాప స్నానం ఒక పట్టాన అయ్యేది కాదు. చెంబులో నీళ్లు గ్లాసులోకి, గ్లాసులోవి మళ్లీ చెంబులోకి, అలా ఇరవైసార్లు. మొదట్లో విసుగొచ్చేది. ఒకరోజు పక్కన కూర్చుని ఓపిగ్గా చూశాను. ప్రతిసారీ ఏదో ఒకటి మారుస్తోంది! ఓసారి బాగా పైనుంచి పోస్తుంది, ఓసారి సన్నటి ధారగా, ఇంకోసారి గ్లాసు నిండి పొర్లుతున్నా ఆపదు.

పుట్టినప్పటి నుంచి సుమారు రెండేళ్ల వరకు సాగే దశకు స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే ఇంద్రియ చాలక దశ అని పేరు పెట్టాడు. ఆ వయసులో ముట్టుకోవడం, కదిలించడం, నోట్లో పెట్టుకోవడమే ఆలోచన. ఆయన చేసిన ఇంకో పరీక్ష నీళ్లతోనే. వెడల్పు గ్లాసులోని నీళ్లను కళ్లముందే సన్నటి పొడవాటి గ్లాసులోకి మారిస్తే, నాలుగైదేళ్ల పిల్లలు చాలామంది "ఇందులోనే ఎక్కువున్నాయి" అంటారు. నీళ్లు అన్నే ఉన్నాయన్న సంగతి సాధారణంగా ఆరేడేళ్లకు గానీ కుదురుకోదు. అంతదాకా ఎన్ని చెంబులు పోసి చూడాలో! అందుకే ఇప్పుడు నేను తొందరపెట్టను. కానీ పక్కనుంచి కదలను కూడా. కొద్ది సెంటీమీటర్ల నీళ్లలోనూ పసిపిల్లలు మునిగిపోగలరు. ఫోన్ మోగితే మోగనివ్వండి, ఆట అవగానే బకెట్ బోర్లించండి.

వంటింట్లోంచి ఒక స్టీలు గ్లాసు, ఒక చపాతీ కర్ర తెచ్చి పిల్ల ముందు పెట్టండి. రెండూ ఒకే గదిలో ఉన్నవే, రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. అయినా గ్లాసు చల్లగా తగులుతుంది. చర్మంలోని నాడులకు తెలిసేది గ్లాసు ఎంత చల్లగా ఉందన్నది కాదు, చర్మం ఎంత చల్లబడిందన్నది. స్టీలు చేతిలోని వేడిని గబగబా లాగేసుకుంటుంది, కర్ర నెమ్మదిగా తీసుకుంటుంది. మా పాప మొదట గ్లాసును చెంపకు ఆనించుకుంది, తర్వాత పెదవులకు. పెదవులు, నాలుక, వేలి కొసలు స్పర్శకు రాజధానుల్లాంటివి. వేలి కొస మీద రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో రెండు మొనలు ఆనించినా రెండని పోల్చుకుంటాం. వీపు మీద మూడు సెంటీమీటర్ల ఎడం ఉన్నా ఒకటే అనిపిస్తుంది. పిల్లలు కనబడిందల్లా నోట్లో పెట్టుకోవడానికి ఇదొక కారణం.

నోట్లోకి పోతుందని తెలిసినప్పుడు ఆట వస్తువు అందుకు తగ్గట్టే ఉండాలి. పచ్చి పిండిలో హానికర బ్యాక్టీరియా ఉండొచ్చు కాబట్టి నేను జిల్లేడుకాయలకు చేసినట్టే మరిగే నీళ్లలో బియ్యప్పిండి పోసి ఉడికిస్తాను. పూర్తిగా చల్లారాక సగానికి పసుపు, సగానికి బీట్‌రూట్ రసం కలుపుతాను. నొక్కితే వేలిముద్ర పడుతుంది, లాగితే తెగుతుంది, జల్లిబుట్ట మీద అదిమితే చుక్కలు తేలతాయి. కాస్త నోట్లో పెట్టుకున్నా కంగారు ఉండదు. దుకాణంలో కొన్న ఏ సెన్సరీ కిట్టూ (తాకి, చూసి ఆడుకునే వస్తువుల పెట్టె) మా ఇంట్లో ఈ ముద్ద ఆడించినంతసేపు ఆడించలేదు.

వేరుశనగ గింజలు, చింతపిక్కలు, పూసలు, గుండీలు ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకండి. శ్వాసనాళంలో ఇరుక్కుంటాయి. నీళ్లలో ఉబ్బే రంగు జెల్ గోలీలు కడుపులోకి వెళ్లాక కూడా ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి. చూడముచ్చటగా ఉండే గురివింద గింజ అన్నిటికన్నా భయం. దానిలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది, నమిలితే ప్రాణం మీదికొస్తుంది. పాత గురివింద దండలు, బొమ్మలు ఇంట్లో ఉంటే పిల్లలకు అందనిచోట కాదు, అసలు ఇంట్లోనే లేకుండా చూడండి.

కొందరు పిల్లలు జిగురు తగిలితే చెయ్యి వెనక్కి లాక్కుంటారు, ఏడుస్తారు. బలవంతంగా చెయ్యి పట్టి ముంచొద్దు. మా పాప కూడా పిండిని మొదటి వారం చెంచాతోనే పొడిచింది. తర్వాత ఒక వేలు ఆనించింది. ఆ వేలిని చీరకు తుడుచుకుని, నా ముఖం వైపు చూసి, మళ్లీ ఆనించింది.